మూడో అంతస్తు అత్తగారు

మా ఫ్యాక్టరీలో 'ఈ నెల ఉత్తమ కార్మికురాలు' అని నాకు తొమ్మిదిసార్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథ అయ్యేసరికి దాని విలువెంతో మీకే తెలుస్తుంది. ఎర్ర అట్టమీద బంగారు అక్షరాలు. ఒకదాన్ని వంటింటి కిటికీ సందులోంచి బొద్దింకలు రాకుండా అడ్డం పెట్టాను. మిగతా ఎనిమిదీ బీరువా మీద ఉండేవి.

అయితే ఈ కథ నాది కాదు. ఇరవై ఏళ్ళు నా పక్క బల్ల దగ్గర కూర్చున్న వెంగ్ సూచిన్‌ది. ఫుజౌ ఊళ్ళో జిన్‌షాన్ పేటలో ఉన్న ఫ్యాక్టరీలో మూడో అంతస్తు మాది. నీలం టోపీ, నీలం కోటు, మూతికి గుడ్డ. కళ్ళు తప్ప ఇంకేం కనపడవు కాబట్టి అక్కడ అందరం అందగత్తెలమే.

మా పని చెప్పుకోవడానికి చాలా గొప్పగా ఉంటుంది. వెంట్రుకంత సన్నటి గాజు దారంలోంచి వెలుతురుని ఇంకో గాజు దారంలోకి దాటిస్తాం. మీ ఫోన్లూ సినిమాలూ బ్యాంకులూ ఆ దారాల్లోనే పరిగెడుతున్నాయట. దారం కొసన బయటపడ్డ వెలుతురు ఒద్దికగా ఉండదు, విచ్చుకుని చెదిరిపోతుంది. అందుకని దాని ముందు బియ్యపుగింజంత లెన్స్ పెడతాం. దానికి ఒక కొస గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, రెండో కొస ఏటవాలుగా కోసి ఉంటుంది. నిటారుగా కోస్తే వెలుతురు గాజుకి తగిలి వచ్చినదారినే పుట్టింటికి పోతుంది, అందుకే ఏటవాలు. ఆ లెన్స్ వెలుతురుని తిన్నటి కడ్డీలా చేసి పంపుతుంది, అవతల అలాంటిదే ఇంకొకటి దాన్ని పోగుచేసి రెండో దారంలోకి దూరుస్తుంది. దారాన్నీ లెన్స్‌నీ ఒక గాజు గొట్టంలో పెట్టి, మధ్య సందు సరిచేసి, మీటర్ చూసి, జిగురు చుక్క వేసి కాల్చాలి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం తుమ్ము వస్తే మింగాలి.

సూచిన్ అక్క సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టింది. పెళ్ళయ్యేదాకా ఆల్చిప్పలు ఒలిచింది. ఆ వేళ్ళు ఫ్యాక్టరీకి వచ్చాక గాజు దారాన్ని పట్టుకుంటే, మేము పావుగంట వెతుక్కునే వెలుతురు ఆవిడకి రెండు ఊపిరుల్లో దొరికేది. మాట తక్కువ. ఎప్పుడైనా మాట్లాడితే ఎదుటివాడికి ఆ పూట అన్నం సహించదు.

మా దగ్గర ఒక అత్తగారు ఉండేది. మనిషి కాదు. చేసిన ప్రతి గొట్టాన్నీ దేనికి ఎదురుగా పెట్టి కొలుస్తామో ఆ నమూనా గొట్టం. దానితో కుదిరితే పాస్, కుదరకపోతే చెత్తబుట్ట. ఎవరు ఎలా చేసినా దాన్ని మెప్పించాల్సిందే గానీ అది ఎవరినీ మెప్పించక్కర్లేదు, అందుకే ఆ పేరు వచ్చింది. పొద్దున్నే మేనేజర్ ఫాంగ్ తన సొరుగు తాళం తీసి, మెత్తటి పెట్టెలోంచి దాన్ని రెండు చేతులతో బయటికి తెచ్చేవాడు. సొంత తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా అంత జాగ్రత్త చూపించలేదని వాళ్ళావిడే చెప్పింది.

ఆ జాగ్రత్తకి ఒక కారణం ఉంది. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, మీకు ముందే చెప్పేస్తాను.

మా ఊళ్ళో మొదటి చాంద్రమాసం చివర, ఇరవై తొమ్మిదో రోజున తొమ్మిదుల పండగ చేస్తాం. వయసు చివర తొమ్మిది ఉన్నవాళ్ళకి ఎదురు తొమ్మిది, తొమ్మిదితో భాగం పోయే వయసుకి చాటు తొమ్మిది. ఇద్దరికీ ఆ ఏడాది గండమే. గండం పోవాలంటే బాతుగుడ్లు వేసిన సన్న సేమ్యా తినాలి. పదమూడేళ్ళ కిందట సూచిన్ అక్కకి ముప్పై ఆరు, నాలుగు తొమ్మిదులు. ఆ పండగనాడు సేమ్యా తినకుండా పనికొచ్చింది. ఫాంగ్ అప్పటికి మేనేజర్ కాదు, కొత్తగా వచ్చిన షిఫ్ట్ లీడరు. మధ్యాహ్నం సూచిన్ అక్క తప్ప అందరం భోజనానికి దిగినప్పుడు అత్తగారిని చేతిలోంచి జారవిడిచాడు. అది రెండు ముక్కలైంది. రెండు గంటలకి యజమాని వస్తున్నాడు.

"అక్కా, నా ఉద్యోగం పోతుంది. నిన్ననే మా ఆవిడకి నెల తప్పింది" అని ఏడ్చాడట.

"ఏడవకు, జిగురు మీద పడుతుంది" అంది సూచిన్.

గంటలో కొత్త అత్తగారిని చేసింది. తొందరలో పొయ్యి వేడి పెంచేసరికి జిగురు ఆరుతూ ఆరుతూ దారాన్ని ఒక పక్కకి లాగింది. తీసి చూస్తే వంకర. కంటికి కనపడేంత కాదు, వెలుతురుకి తెలిసేంత.

"ఇది ఇవాళ్టికే తమ్ముడూ. రేపు అసలైనది తెప్పించు."

"రేపే అక్కా, ఒట్టు."

అసలైనది తెప్పించాలంటే ఒక ఫారం నింపాలి. అందులో 'పాతది ఏమైంది' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపే ధైర్యం కూడగట్టుకునేలోపు ఫాంగ్ సూపర్‌వైజర్ అయ్యాడు, మేనేజర్ అయ్యాడు, పుట్టిన పిల్ల ఆరో తరగతికి వచ్చింది. రేపు మాత్రం రాలేదు.

ఆ పదమూడేళ్ళూ మేమందరం ఆ వంకర అత్తగారికి నచ్చేలా వంకరగానే చేశాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు, ఎందుకంటే మా గొట్టాలు ఒకదానితో ఒకటి బ్రహ్మాండంగా కుదిరేవి. కొన్నవాళ్ళు రెండు వైపులా మావే వాడేవారు. వంకరకి వంకర సరిపోయేది. అందరికంటే విధేయంగా వంకర పెట్టేదాన్ని నేనే, అందుకే తొమ్మిది ప్రశంసాపత్రాలు.

కిందటేడు వూహాన్ నుంచి ఒక కొత్త కస్టమర్ వచ్చింది. వాళ్ళు ఒక వైపు మాది, రెండో వైపు ఇంకొకళ్ళది పెట్టారు. వెలుతురులో మూడో వంతు దారిలోనే పోయింది. నాలుగు వేల గొట్టాలు తిరిగొచ్చాయి.

ఫాంగ్ మర్నాడే మీటింగ్ పెట్టాడు. "తప్పు ఎక్కడుందో మనకి తెలుసు" అన్నాడు, కళ్ళజోడు పెట్టుకున్న ఏకైక మనిషి వైపు చూస్తూ. "వయసుని ఎవరూ ఆపలేరు. మన వెంగ్ గారి సేవలంటే మనందరికీ గౌరవం."

పదమూడేళ్ళ కిందట అక్క. ఇప్పుడు వెంగ్ గారు. మర్యాద పెరిగిందంటే ఎసరు పెట్టారనే.

మా దగ్గర ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి యాభై నిండితే పెన్షన్. సూచిన్‌కి ఇంకా పదకొండు నెలలుంది. నలభై తొమ్మిదేళ్ళ ఆడదానికి, అదీ 'కళ్ళు పోయి సరుకు పాడుచేసింది' అని కాగితం మీద రాయించుకున్నదానికి, కొత్తగా పని ఇచ్చేవాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఉద్యోగం ఒక ఎత్తు, ఆ కాగితం ఒక ఎత్తు. ఇరవై ఏళ్ళు అద్దంలాంటి పని చేసిన మనిషికి చివర్లో ఆ ముద్ర. నాకు ఒళ్ళు మండిపోయింది. మండిపోయి ఏం చేశానంటే, నోరు మూసుకుని కూర్చున్నాను.

వూహాన్ ఇంజనీరు లువో అనే అమ్మాయి, ముప్పై కూడా ఉండవు, స్వయంగా చూస్తానని వచ్చింది. ఆమె ముందు అందరం తలా అయిదు గొట్టాలు చేయాలి, ఎవరివి అత్తగారితో కుదరకపోతే వాళ్ళే దోషి అన్నాడు ఫాంగ్. ఆ రోజు సరిగ్గా తొమ్మిదుల పండగ. నేను డబ్బాలో సేమ్యా పట్టుకెళ్ళాను.

"తిను అక్కా. నలభై తొమ్మిది, ఎదురు తొమ్మిది."

రెండు బాతుగుడ్లూ పుల్లలతో మెల్లగా విరిచి తింది. "ముప్పై ఆరులో తినలేదే జిన్‌హువా. దాని ఫలితం అందరం మీటర్ మీద చూస్తున్నాం" అంది. నాకు అర్థం కాలేదు. మల్లె టీ తాగి లేచింది.

మధ్యాహ్నానికి అందరివీ అయ్యాయి. ఫాంగ్ సొరుగు తీసి అత్తగారిని తెచ్చాడు. మా గొట్టాలన్నీ ఒకటొకటిగా పాస్ అయ్యాయి. నావి అయిదూ అందరికంటే బాగా వచ్చాయి, నేను కొంచెం మురిశాను కూడా. చివరికి సూచిన్‌వి పెట్టారు. మొదటిది పోయింది. రెండోది పోయింది. అయిదూ పోయాయి.

ఫాంగ్ నిట్టూర్చాడు. బాధ నటించడంలో అతనికి పోటీ లేదు. "చూశారుగా, లువో గారూ. ఆమెని ఏమీ అనకండి. కళ్ళు..."

"ఒక్క నిమిషం" అంది సూచిన్. ఎర్ర లైటు పెన్ను తెచ్చి తాను చేసిన గొట్టానికి తోకలా ఉన్న గాజు దారానికి తగిలించింది. గొట్టాన్ని బల్లమీది లోహపు గాడిలో పడుకోబెట్టింది. ఎదుటి తెల్లగోడ మీద ఎర్ర చుక్క పడింది. "అమ్మాయ్, ఆ చుక్కని చూడు" అని, గొట్టాన్ని ఒక్క వేలితో గాడిలో మెల్లగా దొర్లించింది. చుక్క మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

తరవాత అత్తగారిని తీసుకుంది. "అది ముట్టుకోకూడదు!" అన్నాడు ఫాంగ్.

"ముట్టుకోనివ్వండి" అంది లువో.

అత్తగారు గాడిలో దొర్లింది. గోడమీద చుక్క బయల్దేరి, చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది, గానుగెద్దులా. సూచిన్ ఇంకోసారి దొర్లించింది. ఇంకో చుట్టు. తరవాత చెయ్యి చాపి నా బల్ల మీంచి నా గొట్టం తీసుకుంది. నా చుక్కా తిరిగింది. అచ్చం అంతే వలయం, వెంట్రుకవాసి తేడా లేదు. నా తొమ్మిది ప్రశంసాపత్రాలూ ఆ గోడమీద గిరగిరా తిరుగుతున్నట్టు అనిపించింది.

"ఈ నమూనా ఎవరు చేశారు?" అంది లువో.

"అది... చాలా పాతది... బయటి నుంచి తెప్పించినది..." ఫాంగ్ ముఖాన నెత్తురు చుక్క లేదు.

"నేను చేశాను" అంది సూచిన్.

నేను కోటు పట్టుకుని లాగాను, ఊరుకో అక్కా అని. ఊరుకోలేదు.

"అసలుది ఈయన చేతిలో పగిలింది. ఇది నా చేతిలో వంకరపోయింది. ఒక్కరోజుకని చేశాను. చెప్పాల్సినదాన్ని, చెప్పలేదు. ఈయన ఉద్యోగం కోసం మొదట్లో, తరవాత నా పరువు కోసం." అప్పుడు ఫాంగ్ వైపు తిరిగింది. గార్లూ గీర్లూ అన్నీ పోయాయి. "నాకు కళ్ళు కనపడవా తమ్ముడూ? ఆ వంకర పదమూడేళ్ళుగా రోజూ పొద్దున్నే నాకు కనపడుతూనే ఉంది. కనపడనిది నీకు."

తరవాత జరిగిన న్యాయం వినండి. ఫాంగ్‌ని పక్క భవనంలో శిక్షణ విభాగానికి అధిపతిని చేశారు, కొత్తవాళ్ళకి నిజాయితీ నేర్పడానికి. సూచిన్‌కి 'అనుమతి లేకుండా నమూనా తయారుచేసినందుకు' హెచ్చరిక పత్రం ఇచ్చి, నోటీసు బోర్డుకి అంటించారు. దాని పక్కనే, అదే తేదీతో అదే ముద్రతో ఇంకో కాగితం: వెంగ్ సూచిన్ చేసిన అయిదింటిలో మూడోది నేటి నుంచి మా అధికారిక నమూనా. ఆ రెండు కాగితాల మీదా సంతకం పెట్టిన మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

అక్కని పంపేద్దామని చూశారు గానీ, నాలుగు వేలూ మళ్ళీ చేసేటప్పుడు ప్రతి గొట్టాన్నీ వెంగ్ గారు గాడిలో దొర్లించి చూస్తేనే తీసుకుంటానని లువో రాసిపంపింది. అలా పదకొండు నెలలూ నిండాయి. కొత్త అత్తగారితో నాకు, నిజం చెప్పొద్దూ, మొదటి నెలంతా నరకం. రోజుకి సగం పోయేవి. వంకర అత్తని మెప్పించడం పదమూడేళ్ళు ప్రాక్టీసు చేసినదాన్ని, తిన్నటి అత్తతో ఎలా వేగను?

ఆఖరి రోజున అక్కకి కంపెనీ ఒక ఫ్లాస్కు ఇచ్చింది, 'ఖచ్చితత్వమే మా ప్రాణం' అని అచ్చేసింది. అక్క మూలనున్న తుక్కు గొట్టాల పెట్టె దగ్గరికెళ్ళి వెతికి, పాత వంకర అత్తగారిని తీసి, దూదిలో చుట్టి ఆ ఫ్లాస్కులో పెట్టుకుంది.

"అదెందుకు అక్కా, దరిద్రం?"

"నేను చేసిన వంకర నా దగ్గరే ఉండాలి."

మెట్ల మీద ఆగి అడిగాను. "ఆ రోజు భయం వేయలేదా? అందరి ముందూ అయిదూ పోతాయని నీకు తెలుసుగా."

"పోతాయని భయం కాదే. నువ్వు తెలియక వంకర పెట్టావు, నీకు నిద్రపట్టింది. నేను తిన్నగా పెట్టడం తెలిసి, రోజూ కావాలని పక్కకి జరిపి జిగురు వేశాను. పదమూడేళ్ళు. తిన్నగా పెట్టడం చేతికి ఇంకా గుర్తుందో లేదో అని, అదీ భయం." కుడిచేతి వేళ్ళు విప్పి చూసుకుంది. "గోడమీద చుక్క కదలకుండా నిలబడేదాకా నాకే తెలియదు."

ఏడుపొచ్చింది. బస్సు వస్తోంది పద అని కసిరింది.

ఆ సాయంత్రం మిగతా ఎనిమిది అట్టలకీ ఇంట్లో సందులు దొరికాయి. ఇప్పుడు సొరుగు తాళం నా దగ్గరుంది. రోజూ పొద్దున్నే అందరూ రాకముందు, ఎవరూ అడగకపోయినా, అత్తగారిని గాడిలో పెట్టి అక్క దొర్లించినట్టే ఒక్క వేలితో దొర్లిస్తాను. చుక్క కదలదు. అప్పుడు వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చుంటాను.