ఫ్లాపీలోంచి వచ్చిన నెమలి

జాకెట్‌కి ఎంబ్రాయిడరీ వేయిద్దామని ఈ సాయంత్రం నాచారంలోని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుకి వెళ్లాను. షాపు నడిపే మల్లేశన్న సొరుగులోంచి నల్లటి ఫ్లాపీ తీసి మిషన్‌లో పెడుతున్నాడు. కంప్యూటర్ నేర్చుకున్న రోజుల తర్వాత నేను ఫ్లాపీని చూడటం మళ్లీ ఇదే.

"ఇంకా పనిచేస్తుందా అన్నా?" అన్నాను.

"సూడాలె మేడం. మా సుజాత గీసిన నెమలి గీ ఒక్కదాంట్లనే ఉంది. ఇంకేడ కాపీ లేదు."

ఆయన భార్య సుజాత పక్కనే ఉంది. మిషన్ మొదట 'ఎర్రర్' అని చూపించేసరికి ఆమె మొహం పాలిపోయింది. ఫ్లాపీని బయటికి తీసి, మళ్లీ మెల్లగా లోపలికి నెట్టింది. గర్రుమని చప్పుడు. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. కాసేపటికి సూది కదిలింది. ఎర్ర పట్టు మీద ఒక్కో ఈకా విప్పుకుంటూ నెమలి వచ్చేసింది.

"గిది గీసినప్పుడు మా బిడ్డ నా కడుపుల ఉండె. ఇయ్యాల కుట్టేది దాని పెండ్లి జాకెట్‌కే," అంది సుజాత కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పటి ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా పట్టని ఆ చిన్న పలక, ఇన్నేళ్లూ ఒక నెమలిని భద్రంగా దాచింది. నాకింకా ఆశ్చర్యం తీరడం లేదు. మా ఇంట్లో ఫ్లాపీలు మాత్రం టీ కప్పుల కింద అరిగిపోయాయి. మీ ఇంట్లో ఏమైనా మిగిలాయా? వాటిలో ఏముందో గుర్తుందా?