ఎర్ర బండి వంతు

కాలిన డీజిలు వాసన, పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ఉండేదేమో నూజివీడులో, వేసవి వచ్చాక ఈ వాసనను తప్పించుకునేదెక్కడ? మొన్న మామిడి మార్కెట్ పక్కగా ఆటోలో వస్తుంటే, గేటు దగ్గర ఆగిన ఏదో పాత ట్రాక్టరు టుకటుకమంది. తల తిప్పి చూడకుండానే "ఎర్ర బండి" అనుకున్నాను. చూస్తే ఎర్రదే, రంగు వెలిసిపోయి ఇటుకరాయిలా ఉంది.

ముసునూరు దాటి తోటల్లోకి పోతే వచ్చే చిన్న ఊరు మాది. నా చిన్నప్పుడు ఊరంతటికీ రెండే ట్రాక్టర్లు. నీలం బండి మా నాన్నది, ఎర్ర బండి మావయ్యది. మావయ్య అంటే అమ్మకు స్వయానా తమ్ముడు. ఊళ్ళో సంబంధమే కాబట్టి మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ నడుమ ఒక బంగినపల్లి తోటే అడ్డం. ఆ బండ్లు తయారుచేసిన కంపెనీలు ఎక్కడో పట్నాల్లో పోటీ పడేవేమో గానీ, మా ఊళ్ళో ఆ పోటీని బావా బావమరుదులిద్దరూ నెత్తికెత్తుకున్నారు. నీలం బండి బరువైనది, డీజిలును మంచినీళ్ళలా తాగేది, చలికాలం పొద్దున లేవమంటే సవాలక్ష సాకులు చెప్పేది, లేచిందంటే మాత్రం మోకాటి లోతు అడుసులోనూ వెనక్కి తగ్గేది కాదు. ఎర్రది తేలిక, తాగుడు తక్కువ, తాళం తిప్పీ తిప్పగానే అందుకునేది, వంగిన కొమ్మల కింద పిల్లిలా దూరిపోయేది, కానీ ఎత్తు మీదికి బరువు లాగమంటే ముక్కు పైకి లేపేది.

"నీది ఏనుగు బావా, మేపలేక చస్తావ్" అని మావయ్య అంటే, "నీది మేకరా, మేతకే గానీ మోతకు పనికిరాదు" అని నాన్న అనేవాడు. ఈ మాటలు రోజూ ఉండేవి, రోజూ కొత్తగానే నవ్వేవాళ్ళం.

పిల్లలం కూడా రెండు జట్లయిపోయాం. తాటిముంజెలు తినేసిన బుర్రలకు పుల్ల గుచ్చి చక్రాలు చేసి, నోటితో ఇంజన్లు కూసుకుంటూ తోటలన్నీ తిరిగేవాళ్ళం. నీలం జట్టు వాళ్ళు గొంతులోంచి గుడగుడమనాలి, ఎర్ర జట్టు వాళ్ళు నాలుకతో టుకటుకమనాలి. ఇంటి పేరు కోసం నేను నీలం జట్టులో ఉన్నాను గానీ మనసంతా ఎర్ర బండి మీదే. చక్రం పైన ఉండే రేకు మడ్డిగార్డు మీద నన్ను కూర్చోబెట్టుకుని తోట చుట్టూ తిప్పేది మావయ్యే. ఆ రేకు వేడికి తొడలు చురుక్కుమనేవి, దిగమంటే మాత్రం ఏడ్చేదాన్ని.

సంక్రాంతి పోయాక చెట్లన్నీ పూతతో బంగారు రంగు తిరిగేవి. మంచు పడితే పూత మాడిపోతుందని పెద్దవాళ్ళు పొద్దున్నే లేచి ఆకాశం వంక చూసేవాళ్ళు. మాఘమాసం వెళ్ళేసరికి పిందె, ఉగాదికి పచ్చట్లోకి పులుపు, తర్వాత వంటిళ్ళ నిండా ఆవపిండి ఘాటు, జాడీల కొద్దీ ఆవకాయ, కలిపిన పళ్ళెంలోనే వేడన్నం వేసి అమ్మమ్మ పెట్టే ఎర్రెర్రటి ముద్దలు. ఆపైన చిన్న రసాలు, పెద్ద రసాలు. వసారాలో వరిగడ్డి పరిచి కాయ మాగేస్తే రాత్రంతా ఆ తీపి వాసనలోనే నిద్రపోయేవాళ్ళం. పండు పిసికి పిసికి, ముచిక కొరికి, మోచేతుల దాకా రసం కారుతుండగా జుర్రుకోవడంలో ఉన్న సుఖం ఇప్పుడు ముక్కలు కోసి ఫోర్కులు గుచ్చుకునే వాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

కోత మొదలైన రోజున ఊరికి ఒక ఆనవాయితీ ఉండేది. తోటలకూ రోడ్డుకూ మధ్య వాగు, వాగు అవతల నిట్రంగా గట్టు. కాయలు నింపిన ట్రక్కును తగిలించుకుని ఆ గట్టును ఆగకుండా ఎక్కాలి. ముందు ఒక బండి, తర్వాత రెండోది. బాగా ఎక్కిన బండికి పూలదండ వేసి, దాన్నే ముందు నడిపిస్తూ మార్కెట్‌కు పోయేవాళ్ళు. బరువుకు బండి ముక్కు లేస్తుంది కాబట్టి దాన్ని అణచి ఉంచడానికి ముందు బంపరు మీద ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి ఎవరో కాదు, పోటీదారే. నీలం బండి ఎక్కేటప్పుడు దాని ముక్కు మీద మావయ్య, ఎర్ర బండి ఎక్కేటప్పుడు దాని ముక్కు మీద నాన్న. ఓడిపోవాలని కోరుకునే బండి మీదే తన ప్రాణం పెట్టి కూర్చోవడం మగతనమని ఊరంతా మెచ్చుకునేది.

అమ్మమ్మ ఒక్కతే మెచ్చుకునేది కాదు. ప్రతి ఏడూ గట్టు దాకా వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండు బండ్లూ ఎక్కేదాకా అక్కడే నిలబడేది. ఒకవైపు కొడుకు, ఒకవైపు అల్లుడు. "నవ్వు నాలుగు విధాల చేటురా" అని ఆవిడ గొణిగితే, "అమ్మా, ఏం కాదులేవే" అని మావయ్య ఆవిడ బుగ్గ గిల్లేవాడు. ఒక ఏడు ఎర్ర బండి ముక్కు జానెడు లేచి దిగింది. నాన్న దిగి వచ్చి సిగరెట్టు వెలిగించుకోబోతే అగ్గిపుల్ల నిలవలేదు. అది నేను చూశాను, నాతోపాటు అమ్మమ్మా చూసింది.

ఆ మరుసటి ఏడు కోతకు ముందే గాలివాన కొట్టింది. చెట్ల కింద రాలిన కాయ కుప్పలు కుప్పలుగా పడి ఉంది, కుళ్ళకముందే మార్కెట్‌కు చేర్చాలి. ట్రక్కులు ఎప్పటికంటే ఎత్తుగా నింపారు. గట్టు తడిసి నల్లగా మెరుస్తోంది. ఇలాంటప్పుడు పోటీ వద్దని ఎవరో ఒకరు అనాల్సింది. అందరూ మనసులో అనుకునే ఉంటారు, పైకి మాత్రం ఎవరూ అనలేదు.

మొదటి వంతు నీలం బండిది. తడినేల మీద వెనక టైర్లు జారకుండా ఉండాలని నాన్న ట్రక్కు పిన్నును తీసి పై కన్నంలో వేశాడు. ట్రక్కును బండికి తగిలించే ఇనప పట్టీకి కింద ఒక కన్నం, పైన ఒక కన్నం ఉండేవి. పై దాంట్లో వేస్తే బరువంతా వెనక టైర్ల మీద పడి అవి నేలను కరుచుకుంటాయి. ముక్కు మాత్రం తేలిపోతుంది. ఈ సంగతి ఊళ్ళో స్టీరింగు పట్టిన ఇద్దరికీ తెలుసు.

మావయ్య వంగి చూశాడు. "ఏంటి బావా, పై దాంట్లో వేశావ్?"

"భయమైతే చెప్పరా, మీ అక్కని కూర్చోబెడతాను" అన్నాడు నాన్న.

జనమంతా గొల్లుమన్నారు. అమ్మ కూడా నవ్వింది. మావయ్య అందరికంటే గట్టిగా నవ్వి, లుంగీ పైకి కట్టి, బంపరు మీద ఎక్కి కూర్చుని నాకేసి కన్నుగీటాడు.

బండి సగం గట్టు దాకా బాగానే ఎక్కింది. అక్కడ ట్రక్కు చక్రం ఏదో గోతిలో దిగినట్టుంది, ఇంజను గుడగుడ గొంతు పూడుకుపోయినట్టు మారింది, ముక్కు లేచింది. మొదట మెల్లగా, తర్వాత ఒక్క ఊపున, మావయ్య పాదాలు మా తలలకంటే పైకి పోయేంతగా లేచింది. ఆయన పట్టు తప్పి లేచిన చక్రాల కింద పడ్డాడు. ముక్కు లేవడం చూసి నాన్న క్లచ్ తొక్కాడు. లేచిన ముక్కు కిందికి దిగింది.

ఇంతకంటే చెప్పలేను.

అంబులెన్సులు లేని రోజులు. వాగు ఒడ్డున తన వంతు కోసం ఆగి ఉన్న ఎర్ర బండి ట్రక్కులోంచి కాయలు గుమ్మరించి, గడ్డి పరిచి, అమ్మ ఒళ్ళో తల పెట్టి మావయ్యను పడుకోబెట్టారు. తోలింది నాన్నే. తాళం తిప్పీ తిప్పగానే అందుకుంది. నూజివీడు పొలిమేరలకు వచ్చేసరికే అమ్మ ఏడుపు ఆపేసిందట. ఎందుకు ఆపేసిందో నాన్నకు వెనక్కి తిరిగి చూడకుండానే తెలిసిందట.

పెద్ద కర్మ అయ్యాక అమ్మ ఒకే ఒక మాట అడిగింది. "పిన్ను ఎవరు వేశారు?" ఆమె కళ్ళారా చూసిందే, అయినా అడిగింది. నాన్న "నేనే" అన్నాడు. ఆ తర్వాత అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. నీలం బండిని మైలవరం వైపు ఎవరికో అమ్మేశారు. ఎర్రది అత్తయ్య పెరట్లో షెడ్డు కిందికి చేరింది.

మరుసటి ఏడు కోత మొదలైన రోజున నాన్న తిన్నగా అత్తయ్య వాళ్ళింటికి నడిచి వెళ్ళాడు. పాలేరుతో ఎర్ర బండి స్టార్టు చేయించి, దాని ముందు బంపరు మీద ఎక్కి కూర్చున్నాడు. బండి ఎక్కడికీ కదల్లేదు. అత్తయ్య లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఇంజను కాసేపు ఆడాక నాన్న దిగి, ఇంటికి వచ్చి స్నానం చేశాడు. అప్పట్నుంచి ఏ ఏడూ తప్పలేదు. ఆ రోజు ఎర్ర బండి వంతు రాలేదు కదా, దాని మీద తను కూర్చోలేదు కదా. ఆయన లెక్క అది.

ఇప్పుడు గట్టు లేదు, చదును చేసి వాగు మీద సిమెంటు వంతెన కట్టారు. రసాల తోటలు సగానికి పైగా కొట్టేసి ఆయిల్‌పామ్ వేశారు. కాయను వ్యాన్లు తోటలోకే వచ్చి ఎత్తుకుపోతున్నాయి. టుకటుకలూ గుడగుడలూ పోయి అన్ని బండ్లూ ఒకేలా మోగుతున్నాయి, తాటిబుర్రల బండ్లు చేసే పిల్లలెవరూ కనబడటం లేదు. అమ్మ, అమ్మమ్మ, అత్తయ్య వెళ్ళిపోయారు. నా దగ్గరే ఉంటున్న నాన్నను కోత మొదలైన రోజున ఊరికి తీసుకెళ్ళడం మాత్రం మిగిలింది.

ఈ ఏడు వెళ్ళేసరికి ఎర్ర బండి షెడ్డులో లేదు, వాకిట్లో ఉంది. వెనక ట్రక్కు, ట్రక్కు నిండా కాయ. స్టీరింగు ముందు శ్రీను, మావయ్య కొడుకు. వాళ్ళ నాన్న పోయేనాటికి చంకలో పిల్లాడు.

"ఎన్నేళ్ళు ఊరికే కూర్చుంటారు మావయ్యా? ఇవ్వాళ వంతెన మీదికి ఎక్కిద్దాం" అన్నాడు నాన్నతో. నవ్వుతూ అన్నాడో, మరెలా అన్నాడో, ఎండ వాడి వెనక ఉండటంతో మొహం నాకు కనబడలేదు.

నాన్న చేతికర్ర నాకిచ్చి, రేడియేటరు పట్టుకుని మెల్లగా బంపరు మీదికి చేరాడు. ఇంజను అందుకుంది. ఆ వాసన గుప్పున కొట్టింది. నేను కర్ర పడేసి పరుగున బండి వెనక్కి వెళ్ళి వంగి చూశాను.

"ఏ కన్నంలో ఉందే?" ముందునుంచి నాన్న అరిచాడు.

"కింది దాంట్లోనే నాన్నా."

"పై దాంట్లో వేయమను."

శ్రీను ఇంజను ఆపలేదు. నాకేసి చూస్తూ, నేనేం చేస్తానా అని ఎదురుచూస్తున్నాడు. వణుకుతున్న ఆ ఇనుమును రెండు చేతులతో పట్టుకున్నాను. కింది కన్నంలో ఉన్న పిన్ను మీద నుంచి చెయ్యి తీయలేదు.