రెహ్రాస్‌లోని పక్షి

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడకట్టుకంతా ఒకే ఫోన్, అదీ లారీలు నడిపే పక్కింటి సర్దార్జీ ముందుగదిలో. దుబాయి వెళ్లిన మా నాన్న పొద్దుగూకే వేళ దానికే చేసేవాడు. ఒకసారి చాలా రోజులు ఆయన దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. అమ్మ బీడీలు చుడుతూ చుడుతూ ఆగిపోయేది. ఆయనకేమైనా అయిందేమోనన్న మాట ఇద్దరం పైకి అనలేదు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా రెండిళ్ల మధ్య తిరిగేదాన్ని.

సర్దార్జీ వాళ్లమ్మను పెద్దమ్మ అనేవాళ్లం. ఆ వేళకే ఆమె తలమీద చున్నీ కప్పుకుని ఫోన్ పక్కనే కూర్చుని రెహ్రాస్ చదివేది. అది వాళ్ల సాయంకాలపు ప్రార్థన. ఎంతకీ అయ్యేది కాదు, నాకేమో ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక, ఇంకెంతసేపని మధ్యలోనే అడిగేశాను. ఆమె ఆపలేదు. అంతా చదివాకే నన్ను పిలిచింది.

తిడుతుందనుకున్నాను. కూర్చోబెట్టి, అది ఒక్కరు పాడింది కాదని చెప్పింది. మొదటి గురువు, నాలుగో గురువు, ఐదో గురువు పాడినవాటిని గ్రంథ్ సాహిబ్‌లో ఈ వేళకని ఒకచోట ఉంచారట. పదో గురువు మాటలు తర్వాత చేరాయట.

"ఐదో గురువు పాటల ఒక పక్షి ఉన్నది బిడ్డా. పిల్లల్ని ఇడిసిపెట్టి వందల కోసులు పోతది. గా పిల్లలకు మేత ఎవరు పెడుతున్నరని అడుగుతడు గురువు."

"మల్ల అస్తదా?" అన్నాను కోపంగా.

"గది పాటల లేదు. యాడున్నా పిల్లల్ని యాది చేసుకుంటనే ఉంటదట."

వస్తదని ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోయింది అనుకుని ఏడ్చాను.

మర్నాడు నా తలమీద తువ్వాల కప్పి పక్కన కూర్చోబెట్టుకుంది. మధ్యలో ఫోన్ మోగింది. చదవడం ఆపకుండానే దాన్ని నావైపు జరిపింది. సిరిసిల్ల నుంచి ఎవరో, బట్టల మూటలకు లారీ కావాలట. పెట్టేసి మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు ప్రార్థన చివరిదాకా కదల్లేదు.

నాన్న ఆ ఎండాకాలం వచ్చాడు. పనికని ఎడారి లోపలికి పంపారట, అక్కడ ఫోన్ లేదట. అన్నం తింటూ, అడక్కుండానే అన్నాడు.

"పొద్దుగూకితే సాలు, కాలు ఒక్కకాడ నిలవకపోయేది బిడ్డా. క్యాంపు సుట్టు తిరుగుకుంట ఉంటుంటి."

ఇప్పుడు ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. అయినా పొద్దుగూకితే నిలవలేను. ఇంట్లోవాళ్లు బీపీ అంటారు. నేను కొంగు తలమీదికి లాక్కుని కాసేపు కూర్చుంటాను. ఇక్కడ నా కాలు నిలవడం లేదంటే, ఎక్కడో నావాళ్లెవరో నాకోసం తిరుగుతున్నారని అప్పటినుంచీ నా నమ్మకం.