మిగతా సగం ఎవరందుకోవాలి?

ముత్తెన్న గొంతు విప్పాడంటే ఆర్మూరు పసుపు యార్డులో చివరి షెడ్డు దాకా వినబడాల్సిందే. హమాలీల ముఠాలో బస్తా లేపేటప్పుడు పిలుపు అతనిదే. "జోర్ లగాకే!" అని అతనంటాడు. "హైసా!" అని మిగతావాళ్లు అందుకుంటారు. పిలిచినవాడు ఆ రెండో మాట చచ్చినా అనడు, అది ముఠా కట్టుబాటు. సగం అతని వంతు, సగం వాళ్ల వంతు. అప్పుడే బస్తా నేల విడుస్తుంది.

అలాంటి మనిషిని ఆ రోజు బిడ్డ చదివే బడి వరండాకు పిలిపించారు.

"మీ పాపకు మాట పూర్తిగ వస్తలేదు," అంది ప్రవళిక టీచర్. "ఏ పదమిచ్చినా సగంల ఆగిపోతది. కింది క్లాసుల ఏద్దామంటున్నరు పెద్దసారు. ఒకసారి దవాఖానల చూపియ్యుండ్రి."

"ఎవలకు? మా వర్షితకా?"

ముత్తెన్న నమ్మలేదు. ఇంట్లో వర్షిత వసపిట్ట! దాని వాగుడు పడలేక వాళ్లమ్మ కావేరి బీడీల చాట ఎత్తుకుని పక్కింటి అరుగు మీదికి పోయిన రోజులున్నాయి. "గట్లెట్లయితది మేడం? నిన్న నాతోనే సదివింది గద! టకటక చెప్పింది!"

"అయితే మీరే చూడుండ్రి."

టీచర్ క్లాసులోకి వెళ్లి బోర్డు మీద 'టుగెదర్' అనే ఇంగ్లీషు మాట రాసి, మధ్య మధ్య చిన్న అడ్డగీతలు పెట్టి విడగొట్టింది. ముక్కలుగా పలికి, చివర అర్థం చెప్పాలి. అదీ ఆ క్లాసు పద్ధతి.

వర్షిత లేచింది. "టు!" అంది, గోడలు అదిరేలా. ఆపై నోరు మూసుకుని క్లాసునంతా కలియజూసింది. ఎవరూ పలకలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల మొహం వాడిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ ముత్తెన్నకు అప్పుడర్థమైంది. అయ్యో నా తల్లీ! నోరు రాకపోవడమేమిటి, అది పిలుపు పిలుస్తోంది! ఇంట్లో చదివించేది తానే కదా. అక్షరం రాని మనిషి, తెలిసిన విద్య ఆ పిలుపొక్కటే. తనకు తెలియడానికి పిల్ల ముందు మాట మొత్తం ఒకసారి వినిపించేది, తర్వాత ఇద్దరూ పంచుకునేవాళ్లు. మొదటి ముక్క దానిది, మిగతాది తనది. బడిలో కూడా అందరూ అందుకుంటారని ఆ పిచ్చిపిల్ల జూన్ నుంచీ ఎదురుచూస్తోంది!

ఇక ఆగలేకపోయాడు. నిన్న ఇంట్లో పలికిన మాటే అది. "గెదర్!" అని గుమ్మంలోంచే కేకేశాడు.

టీచర్ ఉలిక్కిపడింది. వర్షిత మొహం మాత్రం విచ్చుకుంది. "ఒక్కలు లేపలేని బస్తాను అందరు కలిసి లేపుడు మేడం!" అని అర్థం కూడా చెప్పేసింది.

ప్రవళిక చాక్‌పీసు పక్కన పెట్టి గుమ్మం దగ్గరికొచ్చింది. ఇంట్లో చదివించే తీరంతా ముత్తెన్న చెబితే విని, నవ్వింది, మళ్లీ తల పట్టుకుంది. "మంచిగనే చెప్పింది అన్నా. గని పరీక్షల ఎవలందుకుంటరు? నువ్వొచ్చి గుమ్మంల నిలబడతవా? వచ్చే వారం పెద్దసారు ముంగట ఒక్కతే చెప్పాలె. లేకుంటే కింది క్లాసే."

ఇది మొదటి దెబ్బ కంటే గట్టిగా తగిలింది. ముఠా లేకుండా బస్తా లేపడం అతనికే రాదు, బిడ్డకేం నేర్పుతాడు?

సాయంత్రం గడప మీద కూర్చోబెట్టుకున్నాడు. "బిడ్డా, ఇయ్యాల మొత్తం నువ్వే అనాలె. నేనందుకోను."

"ఎందుకు బాపు? నేనేం తప్పు చేసిన?"

"తప్పేం లేదు. అను."

"టు!" అంది. ఆగింది. తండ్రి మొహంలోకి చూసింది. రెండో ముక్క ముత్తెన్న నాలుక చివరిదాకా వచ్చేసింది. తువ్వాల కొస పళ్ల మధ్య కొరికి పట్టాడు. చాట ముందు కావేరి చేతులు ఆగిపోయాయి.

"బాపూ, అందుకో!" పిల్ల కళ్లలో నీళ్లు. అతను అందుకోలేదు. పగవాడికి కూడా వద్దు ఆ గడియ!

"గెదర్," అంది వర్షిత, చిన్నగా, కోపంగా.

ముత్తెన్న అదిరిపడ్డాడు. లేచింది! తన చెయ్యి పడకుండానే లేచింది! తువ్వాల వదిలేసి ఏదో అనబోయాడు.

"ఇంకోటి కూడ నేనే అంట," అంది పిల్ల కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు నడుమల రాకు బాపు."