వీధి వైపు వాటా

విశాఖపట్నం చూడడానికి వచ్చేవాళ్లలో కొందరు మా మెట్లెక్కుతారు. నేను గుమ్మంలో కనబడితే నవ్వి, "అదృష్టవంతులండీ, రోజూ సముద్రం చూస్తారు" అంటారు. తల ఊపి తలుపు వేసుకుంటాను. మా ఇంట్లోంచి సముద్రం కనబడదు.

పాత ఊళ్లో ఈ అపార్ట్‌మెంటు ఉన్న స్థలం మాది. మా తాతగారు కట్టించిన మేడ ఇక్కడే ఉండేది. దాని ముఖం పడమరకి, వీధి వైపు. వెనక దొడ్డి, పశువుల శాల, ఒక గోడ. గోడ అవతల బాట, బాట అవతల సముద్రం. ఆ రోజుల్లో మాలాంటి ఇళ్లవాళ్లు సముద్రం వైపు వాకిలి పెట్టుకునేవారు కారు. పెద్దమనిషి వీధి అరుగు మీద కూర్చోవాలి, దారిన పోయేవాళ్లు ఆగి పలకరించాలి. సముద్రమంటే పనివాళ్లు వచ్చిపోయే వైపు.

భూములు పోయాయి, గిడ్డంగులు పోయాయి, చివరికి మేడ ఒక్కటే మిగిలింది. నాన్నగారు దాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. పునాదులు తవ్వకముందే బిల్డరు వచ్చి, ఏ వైపు ఫ్లాటు కావాలో ముందు మమ్మల్నే ఎంచుకోమన్నాడు.

"వీధి వైపుది" అన్నారు నాన్నగారు.

"సముద్రం వైపు తీసుకోండి బాబుగారూ. రేపు దానికే గిరాకీ."

"దొడ్డి వైపా? మావాళ్లు దొడ్డి వైపు కాపురం ఉండరు."

నాన్నగారిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరైనా అదే మాట అనేవారు.

వీధి వైపంటే పోర్టు వైపు. గాలి అటు నుంచి తిరిగితే బొగ్గుపొడి వస్తుంది. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మధ్యాహ్నానికి నల్లబడుతుంది. ఆరేసిన పంచె మడిచేటప్పుడు వేళ్లకు మసి అంటుతుంది. ఏళ్ల తరబడి మేము దాన్ని తుడుచుకుంటూ వచ్చాం. నా భార్య మాత్రం దాన్ని పీల్చింది కూడా. రెండేళ్లుగా నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆయాసం. పొడి తగలని చోట ఉంచమన్నాడు డాక్టరు.

ఫ్లాటు అమ్మి ఊరికి దూరంగా తగరపువలస వైపు వెళ్దామనుకున్నాం. కొనడానికి వచ్చినవాళ్లు హాలు దాటి నేరుగా కిటికీ తెరిచి, "సీ వ్యూ ఏదండీ?" అని అడిగారు. ఆ తర్వాత వంటగది కూడా చూడలేదు. అలా ఎందరో వచ్చి వెళ్లారు.

మా ఇంట్లో పని చేసే ఆవిడది జాలరిపేట. నోరు ఊరుకోదు.

"ఏటి బాబూ, జనాలు రైళ్లెక్కి మరీ గాలి కోసం వత్తంటే మీరు కిటికీలకి గొళ్లేలెట్టుకుని కూకున్నారు?"

"మసి వస్తోంది."

"అటేపుది తీసుకోలేకపోయారా మరి? జాగా మీదే కదేటి."

"నీ పని నువ్వు చూసుకో."

"సూసుకుంటన్నాను. మీ మసే తుడుత్తన్నాను."

అటువైపు ఫ్లాటు హైదరాబాదు కుర్రాడొకడు కొన్నాడు. గోడలకు నీలం రంగు వేయించి, బాల్కనీలో ఉయ్యాల కట్టించి, ఊరు చూడడానికి వచ్చేవాళ్లకు రోజుల లెక్కన అద్దెకిస్తాడు. అతను వచ్చినప్పుడు నేను, నా వెనకే నా భార్య, వెళ్లి అతని గుమ్మం ముందు నిలబడ్డాం. మా ఇంట్లో పుట్టినవాడు ఒకరి గుమ్మంలో నిలబడి అడగడం నాకు తెలిసి అదే మొదలు. మా ఫ్లాటు తీసుకుని, అతనిది మాకు అద్దెకిమ్మన్నాను.

"అంకుల్, ఈ ఫ్లాట్ నడిచేదే బాల్కనీ వల్ల. మీ వైపుది టూరిస్టులు ఎవరు తీసుకుంటారు, మీరే చెప్పండి" అన్నాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. కాసేపు ఆలోచించి, "ఖాళీ ఉన్నప్పుడు ఆంటీ వచ్చి కూర్చోవచ్చు. కీ మీ దగ్గరే ఉంచుతా. గెస్టులొస్తే కాస్త తలుపు తీయండి చాలు" అన్నాడు.

అది కాపలావాడి పని. ఆ మాట నేను అనేలోపే నా భార్య నా పక్కనుంచి చెయ్యి చాపింది.

అటువైపు ఫ్లాటు ఖాళీగా ఉన్న ఒక మంగళవారం ఆమె వెళ్లి ఉయ్యాలలో కూర్చుంది. ఎండ నీళ్ల మీద పరుచుకుని ఉంది. దూరంగా లంగరేసిన ఓడలు, వాటి ముందు నుంచి ఫిషింగ్ హార్బర్‌కి తిరిగొస్తున్న బోట్లు. గాలి చల్లగా, తడిగా తగులుతోంది. జనం ఈ ఊరికి ఎందుకు వస్తారో నాకు అప్పుడు అర్థమైంది. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ వయసుకి.

"ఇదంతా మనదేనా?" అంది.

"దొడ్డి" అన్నాను.

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది గానీ తొందరగానే ఆగింది. తర్వాత కూర్చున్నచోటే నిద్రపోయింది. గురక లేకుండా, నోరు మూసుకుని.

సాయంత్రం రావలసిన గెస్టులు ముందే వచ్చేశారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆయన నా చేతికి బ్యాగు అందించాడు. ఆవిడ నా భార్యతో, "ఇంకో రెండు టవల్స్ ఇస్తావా అమ్మా" అంది.

"ఈ స్థలం మాది" అన్నాను, బ్యాగు పట్టుకునే.

"ఓ, ఓనర్ మీరేనా? యాప్‌లో వేరే ఫొటో ఉందే" అన్నాడాయన మర్యాదగా.

నా భార్య మా ఇంట్లోంచి ఉతికిన తువ్వాళ్లు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చాక, "గాలి బాగుందండీ. మళ్లీ వెళ్తాను" అంది. వెళ్లింది కూడా. ఖాళీ ఉన్నప్పుడల్లా వెళ్లింది. తువ్వాళ్లు అడిగితే ఇచ్చింది. నేను తలుపులు తీశాను.

నెల తిరక్కముందే కుర్రాడు ఫోన్ చేశాడు.

"ఏమనుకోకండి అంకుల్. 'మేం వచ్చేసరికి ఒకామె బాల్కనీలో దగ్గుతోంది, టీబీయేమో' అని ఇద్దరు గెస్టులు రివ్యూలో పెట్టారు. సీజన్ కదా. కీ వాచ్‌మన్‌కి ఇచ్చేయండి."

టీబీ కాదు, బొగ్గు అని చెప్పాను. తనకు తెలుసన్నాడు. వాళ్లకు తెలియదు కదా అన్నాడు. ఆ పూటే నా భార్య కిందికి వెళ్లి తాళంచెవి ఇచ్చి వచ్చింది. మెట్లెక్కి వచ్చాక చాలాసేపు మాట్లాడలేకపోయింది.

మా ఫ్లాటులో సామాన్లు పెట్టుకునే గది ఒకటి ఉంది. దానికి కిటికీ లేదు, అందుకని మసి రాదు. పెట్టెలు హాల్లోకి తెచ్చి ఆమె మంచం అందులో వేశాం. పగలంతా అక్కడ లైటు వేసే ఉంచుతాం.