గీతకు లోపల

రేవులో ఆమెను గీతమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాదది, ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఒడ్డుకు దగ్గరి నీళ్లు చిన్న పడవలవాళ్లవి. సముద్రం అడుగున వల ఈడ్చే మరబోట్లు అక్కడ వల దించకూడదు. ఆ హద్దు నీళ్లమీద కనబడదు. మత్స్యశాఖ ఆఫీసులో ఆమె ముందున్న తెరమీద ఎర్రగీతగా ఉంటుంది. ప్రతి మరబోటులోనూ బిగించిన పెట్టె ఒకటి ఉపగ్రహానికి కబురు పంపుతుంటే, తెరమీద బోటు చుక్కై కదులుతుంది. రేవుకు తిరిగొచ్చే చుక్క చురుగ్గా నడుస్తుంది. వల దించిన చుక్క మాత్రం దుక్కిటెద్దులా నింపాదిగా అటూ ఇటూ తిరుగుతుంది. గీతకు లోపల అలాంటి నడక కనిపిస్తే ఆమె వైర్‌లెస్ అందుకుంటుంది. మాట వినకపోతే గస్తీపడవను పంపుతుంది.

ఆ చుక్కల్లో ఒకటి ఆమె బావది. అక్క మొగుడు, పరాయివాళ్ల బోటు నడిపే సరంగు. చెయ్యి తిరిగినవాడు, మాటకారి కూడా. అన్నానికి కూర్చుంటే, "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మా మరదలు పట్టేట్టుంది" అని అందర్నీ నవ్వించేవాడు. ఆ ఏడు లోతునీళ్లలో చేప కరువైంది. ఖాళీ బోటుతో రేవుకు రావద్దన్నాడు యజమాని. బావ నవ్వించడం మానేశాడు. చేపలకు గీత ఎవరు చూపిస్తారని మాత్రం ఒకసారి అన్నాడు. ఆమె విననట్టు కంచం తీసుకుని లేచింది.

ఒక మధ్యాహ్నం ఆ చుక్క గీత అంచుదాకా వచ్చి ఆరిపోయింది.

పెట్టె చెడినా ఆరిపోతుంది, తీగ పీకినా ఆరిపోతుంది. వైర్‌లెస్‌లో పిలిస్తే జవాబు లేదు. గస్తీవాళ్లకు చెబితే బావ పని పోతుంది, అక్క కాపురం వీధిన పడుతుంది. చెప్పకపోతే రేపు ఇంకొకరి బోటును ఏ మొహం పెట్టుకుని ఆపుతుంది? చెప్పేసింది. ఆమె ఆలస్యం చెయ్యలేదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు, అక్కతో సహా.

గస్తీపడవ దొంగను పట్టుకోవడానికని వెళ్లింది. అక్కడ నీళ్లమీద డీజిలు తెట్టు, వల బెండ్లు, వాటిని కరుచుకుని ఇద్దరు కళాసీలు. గీతకు లోపల ఎప్పుడో మునిగిన ఓడ ఒకటుంది. వల దానికి తగులుకుని బోటు ఒరిగి మునిగిపోయిందట. తాడు నరకడానికి సరంగు గొడ్డలి పట్టుకుని వెనక్కి పరిగెత్తాడట, మళ్లీ కనబడలేదట. తీగ పీకింది తనేనని ఆ ఇద్దరిలో ఒకడు తల వంచుకుని చెప్పాడు. "తొందరగా పీకరా, మరదలు చూస్తుంటుంది అన్నాడమ్మా."

శవం దొరకలేదు.

ఏడ్చి ఏడ్చి కళ్లింకిపోయాక అక్క ఒక్కటే అడిగింది.

"నిజం చెప్పవే. పడవను పంపింది పట్టివ్వడానికా, బతికించడానికా?"

"పట్టివ్వడానికేనక్కా."

అక్క తలూపింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని గీతమ్మ అనుకుంది. ఆ రోజు నుంచి అక్క ఆమె గడప తొక్కలేదు.

యజమాని బోటును పైకి లాగించి, బాగు చేయించి, కొత్త సరంగును పెట్టుకున్నాడు. కాగితాలన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్లాయి. అయినా ఒక ఉదయం అదే నంబరుతో ఆ చుక్క తెరమీద వెలిగేసరికి కుర్చీలోంచి లేచి నిలబడింది. అది లోతునీళ్లలో కాసేపు దున్ని, మెల్లగా గీతవైపు తిరిగింది. ఆమె వైర్‌లెస్ అందుకుంది. బోటు నంబరు పిలవాల్సిన నోటివెంట "బావా" అని వచ్చింది.

అటువైపు గరగర. తర్వాత ఎవరో ముక్కూ మొహం తెలియని గొంతు. "ఎవరండీ? నన్నేనా? నీటివాలు ఇటు లాగిందమ్మా, తిప్పేస్తున్నా."

చుక్క వెనుదిరిగింది.

నోరుజారి బావా అని పిలిచిన సంగతి కడుపులో దాచుకోలేక వెళ్లి అక్కకు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందేమో. మర్నాటి సాయంత్రం అక్క తనంతట తనే వచ్చింది. ఇప్పుడు రోజూ వస్తుంది. కొత్త సరంగు పెళ్లాం అక్కకు తెలుసు, కుళాయి దగ్గర పలకరించుకుంటారు కూడా. అయినా గుమ్మం పక్కన కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని ఆ చుక్క గురించే అడుగుతుంది.

"ఈవేళ ఎక్కడున్నాడే?"

"లోతునీళ్లలోనే ఉన్నాడక్కా."

"ఒడ్డువైపు రాలేదుగా?"

"రాలేదు."

"సరే," అంటుంది అక్క. చెప్పులేసుకుని వెళ్లిపోతుంది.