పిన్ని మంత్రగత్తె అయిన రోజులు

మొన్న రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పాసింజర్లో కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒక పాప తల్లి దగ్గర ఫోన్ లాక్కుని ఏదో బొమ్మల సీరియల్ చూస్తోంది. చక్రాల చప్పుడులో మొదట ఏమీ వినిపించలేదు. బండి ఒక చిన్న స్టేషన్లో ఆగగానే ఫోన్లోంచి ఒక ముసలి మంత్రగత్తె, "నా అడవిలో అడుగుపెట్టినవాడు తన నీడ నాకిచ్చి పోవాలి" అంది. అది మా పిన్ని గొంతు. ఆవిడ పోయి కొన్నేళ్లయింది. తల్లి పాపని కసిరి, సౌండ్ తగ్గించమంది, ఆంటీ నిద్రపోతున్నారంటూ. ఉండనీ అమ్మా, పర్లేదన్నాను.

పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకన్నా పదేళ్లు కూడా పెద్దది కాదు కాబట్టి సగం పిన్ని, సగం అక్క. తెనాలిలో బాబాయికి బట్టల కొట్టుండేది, సరుకు చీరాల నుంచి తెచ్చేవాడు. పిన్ని పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టేది. పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండానే ఆఖరి వరసదాకా వినపడేది. ఆ రాణితనం కొంత ఇంటికీ వచ్చేసేది. పాలవాడిని నీళ్ల సంగతి అడిగినా, నిండు సభలో మంత్రిని నిలదీసినట్టే ఉండేది. నలభై దాటి కొన్నేళ్లయ్యాక మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డతోపాటు ఆ గొంతూ పోయింది. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు గరగరలాడే గొంతొకటి మిగిలింది. నాటకాలవాళ్లు వచ్చి పరామర్శించి వెళ్లేవాళ్లేగానీ, వేషానికి ఎవరూ పిలవలేదు. పిన్ని బయట నోరు విప్పడమే మానేసింది. కూరల బండి దగ్గర వంకాయల్ని వేలితో చూపించేది, బేరం కనుబొమలతో ఆడేది. అలా అయితేనే బండివాడు ఎక్కువ తగ్గిస్తున్నాడని బాబాయి నాతో అన్నాడు. నవ్వించడానికే అన్నాడుగానీ ఆయన ముఖంలో నవ్వు లేదు.

అలా నాలుగైదేళ్లు గడిచాక, ఒకప్పుడు పిన్నితో నాటకాలాడి హైదరాబాదులో డబ్బింగ్ పనిలో స్థిరపడ్డ ఒకాయన ఫోన్ చేశాడు. ఏదో విదేశీ బొమ్మల సీరియల్ తెలుగులోకి తెస్తున్నారట, అందులో చేతబడి చేసే మంత్రగత్తెకి సరైన గొంతు దొరకడం లేదట. పిన్ని ఆ పూట అన్నం ముట్టలేదు. "కిరీటం పెట్టుకున్న తల ఇది. దీనికిప్పుడు కొమ్ముల టోపీ పెడతారా?" అంది నాతో. బాబాయి రెండు రైలు టిక్కెట్లు తెచ్చి, తోడు వెళ్లమని నా చేతిలో పెట్టాడు.

స్టూడియోలో పిన్ని అద్దానికి అవతల, మేమంతా ఇవతల. తెర మీద మంత్రగత్తె ముఖం పచ్చగా ఉంది. ఊరివాళ్ల నీడల్ని దొంగిలించి సీసాల్లో బిరడా బిగించి దాస్తుంది. నీడ పోయినవాడు మాట, నవ్వు మరిచిపోయి రాయిలా కూర్చుంటాడు. మంత్రగత్తె పెదాలు కదిలినంతసేపే పిన్ని మాట్లాడాలి. అది బాగానే కుదిరిందిగానీ, ఎంత చెప్పినా రాణిగారు పలికినట్టే పలుకుతోంది. చివరికి డైరెక్టరు కుర్రాడు ఎంతో మర్యాదగా, "అమ్మా, ఈవిడ శాపం పెడుతోందండి. మీరు వరమిస్తున్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్నికి రోషం వచ్చింది. ఇన్నాళ్లూ దిగమింగినదంతా ఆ శాపంలో పెట్టి వదిలింది. శాపం తర్వాత నవ్వాలి. ఆ నవ్వు లేచి, మధ్యలో విరిగి, గరగరలాడి, మళ్లీ పైకి లేచింది. ఇవతల డైరెక్టరు కుర్రాడు దాన్ని మళ్లీ వేయించుకుని విన్నాడు. తిరుగు ప్రయాణంలో పిన్ని రైల్లో పల్లీలవాడిని తనే గట్టిగా కేకేసి పిలిచింది.

సీరియల్ టీవీలో వచ్చింది. వీధి పిల్లలు గుమ్మం ముందు చేరి శాపం పెట్టమని అడిగేవాళ్లు. మీ ఆవిడ మంత్రగత్తెటగా అని కొట్లో ఎవరైనా అంటే, పెళ్లైన దగ్గర్నుంచీ నేను చెప్తూనే ఉన్నానండి, టీవీవాళ్లకి ఇప్పుడు తెలిసింది అనేవాడు బాబాయి. అంతా బాగుందనుకుంటుండగా, బాపట్లలో ఉంటున్న పిన్ని కూతురి కూతురు ఆ గొంతు గుర్తుపట్టింది. అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టిన పిల్ల. మంత్రగత్తె అమ్మమ్మేనని తేల్చేసుకుంది. ఫోన్లో పిన్ని పలకరిస్తే ఫోన్ పడేసి మంచం కిందికి దూరింది. సెలవులకి తెనాలి రానని మొండికేసింది. ఆ గరగర గొంతుతోనే పిన్ని దాన్ని జోకొట్టి పెంచింది మరి.

"రాణి వేషం పోతే ఓర్చుకున్నాను. ఈ పిల్ల పోతే ఓర్చుకోలేనే" అంది పిన్ని. మానేస్తానని స్టూడియోవాళ్లకి చెప్పేసింది. మంత్రగత్తె చనిపోయే ఆఖరి భాగం ఒక్కటే మిగిలిందని వాళ్లు బతిమాలితే వెళ్లింది. అక్కడ పెద్ద కేక పెట్టి చావాలట. పిన్ని కేక పెట్టలేదు. మంత్రగత్తె అటు తిరిగి కూలుతున్నచోట, చాలా మెల్లగా, అలిసిపోయినదానిలా, "ఇక చాలు. ఎవరి నీడలు వాళ్లు తీసుకుపొండి" అంది. అదే ఉంచేశారు.

అది ప్రసారమైన మర్నాడు పొద్దున నేను తెనాలిలోనే ఉన్నాను. పిన్ని వసారాలో గోంగూర వలుస్తోంది. ముందుగా ఫోనైనా చేయకుండా కూతురు పిల్లని తీసుకుని దిగింది. మంత్రగత్తె చనిపోయిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపట, తెనాలి తీసుకెళ్తేగానీ ఊరుకోనందట. పిల్ల గేటు దగ్గరే ఆగిపోయి, "నువ్వు చచ్చిపోలేదా అమ్మమ్మా?" అంది. తన గొంతు వింటే ఎక్కడ పారిపోతుందోనని పిన్ని లేదన్నట్టు తల మాత్రం ఊపింది.

"మాట్లాడు" అంది పిల్ల.

"లేదు బంగారూ. అదొక బొమ్మ. గొంతొక్కటే నాది."

పిల్ల మెల్లగా మెట్లెక్కి వచ్చి, పిన్ని మెడ మీద ఆపరేషన్ మచ్చని వేలితో తడిమి చూసింది. తర్వాత, అయితే ఒకసారి నవ్వమంది. పిన్ని నా వైపు చూసి, గోంగూర పళ్లెం పక్కకి జరిపి, నవ్వింది. గోడ మీది కాకులు లేచిపోయాయి. పిల్ల భయంతో కెవ్వుమని, భయపెట్టినావిడ ఒళ్లోకే దూరి, కళ్లు గట్టిగా మూసుకుని, "మళ్లీ" అంది.

పిన్ని రాణిగా పద్యం ఎలా పాడేదో గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. అంత గొప్ప గొంతు, ఎన్నో ఏళ్లు విన్నదాన్ని, ఒక్క ముక్కా చెవిలో నిలవలేదు. ఆ పొద్దుటి నవ్వు మాత్రం ఒక్క గరగర కూడా తప్పిపోకుండా ఉండిపోయింది. ఏది ఉంచాలో, ఏది పట్టుకుపోవాలో కాలం మనల్ని అడగదు. అడిగి ఉంటే నేను పద్యమే ఉంచమనేదాన్నేమో.